సట్టన్ నీటికటకము
దిక్కులన్నిటిని ఒక్క చిత్రములో ఇముడ్చుటకు జరిగిన ప్రయత్నముల కథ

బడి వార్షికోత్సవమునాడు అందరును కలిసి ఫొటో తీయించుకొన్న అనుభవము మన చదువరులలో చాలమందికి ఉండును. పిల్లలు మూడు వరుసలుగా నిలుతురు. నడుమ కుర్చీలలో ఉపాధ్యాయులు కూర్చుందురు. ఛాయాగ్రాహకుడు కెమేరాలో చూచి ఒక అడుగు వెనుకకు వేయును, మరల ఇంకొకటి వేయును. అంతలో అతని వీపునకు గోడ తగులును. ఇక వెనుకకు చోటు లేదు. అప్పుడు “కొంచెము దగ్గరగా జరగండి” అని కేక వేయును. ఎంత జరిగినను వరుస చివరనున్న పిల్లవానికి చిత్రములో సగము ముఖమే దక్కును.

లోపము ఛాయాగ్రాహకునిది కాదు. సాధారణమైన కెమేరా కటకము సుమారు 45, 50 డిగ్రీల కోణములోనున్న వస్తువులను మాత్రమే చూడగలదు. మనము తల త్రిప్పి నాలుగు దిక్కులను చూతుము. నిలిచినచోటనే నిలిచి, తల త్రిప్పకుండ, క్షితిజమంతటిని ఒక్కమారే చూడగల కటకమును చేయవచ్చునా? ఆ కటకమును చిన్నదిగా చేయవచ్చునా? ఈ రెండు ప్రశ్నలు నూట అరువది ఏండ్లకు పైగా కటకములు చేయువారిని వేధించుచున్నవి. ఈ కథలో నాకు మిక్కిలి ఇష్టమైన భాగము ఒక ఓటమి. కనుక దానివద్దనే ఎక్కువసేపు నిలిచెదను.

కోరిక మాత్రము కెమేరాకంటె పాతది. రాబర్టు బార్కరు అను చిత్రకారుడు చుట్టును తిరిగివచ్చు పెద్ద చిత్రపటములకు 1787లో పేటెంటు పొందినాడు. గుండ్రని భవనము లోపలి గోడపై పటమును చుట్టి, ప్రేక్షకుని నడుమ నిలబెట్టుట అతని పద్ధతి. దానికి పుట్టిన పేరే “పనోరమా”; గ్రీకు భాషలో ‘సర్వదర్శనము’ అని అర్థము. 1793లో లండనులోని లెస్టరు స్క్వేరులో ఇందుకై ప్రత్యేకముగా ఒక భవనమునే కట్టినాడు. మన దక్షిణదేశము కూడ ఈ పటములలోనికి ఎక్కినది. 1799లో ఇంగ్లీషువారును, నిజాము సైన్యమును కలిసి టిప్పు సుల్తానుపై సాగించిన శ్రీరంగపట్టణపు ముట్టడిని రాబర్టు కెర్ పోర్టరు సుమారు 120 అడుగుల పటముగా చిత్రించినాడు. మరుసటి ఏడే లండనువారు దానిని టిక్కెట్టు కొని చూచినారు.

ఛాయాగ్రహణము పుట్టిన నాలుగేండ్లకే కెమేరాతో ఇట్టి చిత్రము తీయు యత్నము మొదలైనది. 1843లో ఆస్ట్రియా దేశీయుడు జోసెఫ్ పుఖ్‌బెర్గరును, తరువాత కొలదికాలమునకే పారిసులో ఫ్రీడ్రిఖ్ వాన్ మార్టెన్సును కటకమునే త్రిప్పు కెమేరాలను చేసినారు. వెండిపూత గల రాగిరేకును విల్లువలె వంచి, దానిముందు కటకమును ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు మెల్లగా త్రిప్పెదరు. రేకుమీద ఒక సన్నని చీలికగుండ మాత్రమే కాంతి పడును. ఇట్లు 150 డిగ్రీల దృశ్యము వచ్చినది.

పద్ధతి తెలివైనదే. కాని చిత్రములోని కుడి ఎడమలు ఒకే క్షణమునకు చెందినవి కావు. ఈ లోపమును అమెరికా పాఠశాలల పిల్లలు బాగుగా కనిపెట్టినారు. 1904లో పేటెంటు పొందిన సర్కట్ కెమేరా గడియారపు యంత్రముతో తనంతట తానే తిరుగుచు బడి మొత్తమును ఒకే పొడుగాటి ఫిల్ముమీద తీసెడిది. మొదట ఎడమచివర నిలిచిన గడుగ్గాయి, కెమేరా తనను దాటిపోగానే వరుస వెనుకనుండి పరుగెత్తి కుడిచివరకు చేరెడివాడు. చిత్రములో రెండు చివరలందును వాడే! నవ్వుకొనుటకు బాగుగనే ఉండును గాని కదలు మేఘములను, సముద్రపు అలలను, జనసమ్మర్దమును నమ్మకముగా నమోదు చేయవలెనన్నచో ఇది పనికిరాదు. కటకము తిరుగరాదు, అన్ని దిక్కుల కాంతిని ఒక్కమారే పట్టవలెను.

ఇక్కడ అసలు చిక్కు ఎదురగును. కటకమును పెద్దదిగా చేసినచో సరిపోదా అని విద్యార్థులు నన్ను తరచు అడుగుదురు. సరిపోదు. మామూలు కటకము సరళరేఖలను సరళరేఖలుగానే చూపుచు చదునైన ప్లేటుమీద ప్రతిబింబమును ఏర్పరచవలెనన్నచో, ప్రధానాక్షమునుండి θ కోణములోనున్న దూరపు వస్తువు ప్లేటు మధ్యనుండి f టాన్ θ దూరమున పడవలెను. నాభ్యంతరము f 10 సెం.మీ. అనుకొందము. 45 డిగ్రీల వద్ద ఆ దూరము 10 సెం.మీ. 60 డిగ్రీల వద్ద 17.3 సెం.మీ. 80 డిగ్రీల వద్ద 56.7 సెం.మీ. 89 డిగ్రీలకు పోయిన 5 మీటరుల 73 సెం.మీ. 90 డిగ్రీలకు ప్లేటు అనంతమైనది కావలెను. అంత ప్లేటు దొరికినను వెలుతురు చాలదు. మామూలు కటకముల విషయమున ప్లేటు అంచులకు చేరు కాంతి కొసైను విలువ యొక్క నాలుగవ ఘాతము ప్రకారము తగ్గిపోవును. 60 డిగ్రీల వద్ద కొసైను విలువ అర. దాని నాలుగవ ఘాతము పదునారవ వంతు. అనగా చిత్రము నడుమ పగలు, అంచున మునిమాపు.

ఈ చిక్కుముడిని థామస్ సట్టన్ అను ఇంగ్లీషువాడు 1859లో ఒక వింత ఉపాయముతో విప్పినాడు. సట్టన్ 1819లో పుట్టినాడు. కేంబ్రిడ్జిలో చదివి, జెర్సీ ద్వీపములో ఛాయాచిత్రముల ముద్రణశాల నడిపి, ఒక ఛాయాగ్రహణ పత్రికకు సంపాదకుడై ఉండినవాడు. భౌతికశాస్త్రపు ఉపాధ్యాయులకు ఈయన మరొకవిధముగా తెలిసియుండవచ్చును. 1861లో మాక్స్‌వెల్ మూడు రంగుల సిద్ధాంతమును రుజువు చేయుటకు చూపిన రంగుల రిబ్బను చిత్రమునకు కావలసిన ఫొటోలను తీసినది ఈ సట్టనే.

ఆయన ఆలోచన ఇది. మామూలు కటకమునకు ఒకే ప్రధానాక్షము ఉండును. ఆ అక్షమునుండి ప్రక్కకు పోయినకొలది ప్రతిబింబము చెడిపోవును. మరి అక్షమే లేని కటకమును చేసినచో? సంపూర్ణ గోళమునకు ప్రత్యేకమైన అక్షము లేదు. కేంద్రముగుండ పోవు ప్రతి రేఖయు అక్షమే. గోళము నడుమ ఒక చిన్న రంధ్రము గల తెరనుంచి, అన్ని కిరణములును కేంద్రము ప్రక్కగానే పోవునట్లు చేసినచో ఎదుటినుండి వచ్చు కాంతికి గోళము ఎట్లుండునో, ప్రక్కనుండి వచ్చు కాంతికిని అట్లే ఉండును. తూర్పు దృశ్యము ఎంత స్పష్టమో, ఈశాన్య దృశ్యమును అంత స్పష్టము.

అయితే ఒట్టి గాజుగోళము చాలదు. గోళీయ విపథనము, వర్ణ విపథనము అను రెండు దోషములు దానిని పీడించును. కనుక సట్టన్ మందమైన రెండు గాజు చిప్పలను ఎదురెదురుగా బిగించి నడుమ నీరు నింపినాడు. చిప్పల వెలుపలి తలములును, లోపలి తలములును ఏకకేంద్రములు. వెలుపలి తలమువద్ద కాంతి గాలినుండి గాజులోనికి వచ్చును. కిరణములు దగ్గరకు చేరును. లోపలి తలమువద్ద గాజునుండి నీటిలోనికి పోవును. నీటి వక్రీభవన గుణకము గాజుకంటె తక్కువ గనుక కిరణములు కొంత విచ్చుకొనును. ఈ రెండింటిని తగు పాళ్ళలో కూర్చినచో ఒకదాని దోషమును రెండవది సరిదిద్దును. లండనులోని థామస్ రాస్ ఈ కటకములను తయారుచేసినాడు. దృశ్యకోణము సుమారు 120 డిగ్రీలు. నడిమి రంధ్రము ప్రక్కనుండి చూచినప్పుడు సన్నగా కనబడును గదా! ఆ కొరతను తీర్చుటకు ఆ రంధ్రమువద్ద సీతాకోకచిలుక ఆకారపు అమరిక చేసినాడు. అది లేకున్నను ఈ కటకములో 60 డిగ్రీల వద్ద కాంతి సగమే తగ్గును. పదునారవ వంతునకు పడిపోదు. దిక్కులన్నియు కేంద్రమునకు సమదూరమున ఉండుటవలన వచ్చిన లాభమిది.

సమదూరమన్నాను. అక్కడనే ఉన్నది ముల్లు. గోళము ఏర్పరచు ప్రతిబింబము చదునుగా ఉండదు. అదియు కేంద్రమునుండి సమదూరముననే, వంపు తిరిగిన తలముమీద ఏర్పడును.

దీనిని బడిలోనే చూపవచ్చును. ఒక లీటరు పట్టు గుండ్రని గాజు ఫ్లాస్కును నీటితో నింపి స్టాండునకు బిగించండి. దాని వ్యాసార్ధము సుమారు 6.3 సెం.మీ. నీటిగోళమునకు నాభ్యంతరము, కేంద్రమునుండి కొలిచినచో, వ్యాసార్ధమునకు రెండింతలు, అనగా 12.6 సెం.మీ. గదిని చీకటి చేసి, ఫ్లాస్కునుండి మీటరు దూరమున విల్లు ఆకారమున మూడు కొవ్వొత్తులు వెలిగించండి: ఒకటి ఎదుట, ఒకటి 45 డిగ్రీలు కుడికి, ఒకటి అంతే ఎడమకు. ఫ్లాస్కు వెనుక, గాజునుండి 8 సెం.మీ. ఎడముగా, నూనె పూసిన కాగితపు పట్టీని ఫ్లాస్కు చుట్టును వంచి పట్టుకొనండి. మూడు జ్వాలలును తలక్రిందులుగా, ఒకే తీరుగా కనిపించును. ఇప్పుడు ఆ పట్టీని చదునుగా చేయండి. నడిమి జ్వాల మాత్రము నిలుచును. ప్రక్కలవి అలుక్కుపోయిన మచ్చలగును. కేంద్రమునుండి ప్రతిబింబము 14 సెం.మీ. చిల్లర దూరమున ఉండగా, చదునైన కాగితము ఆ దిక్కున 20 సెం.మీ. దాటి ఉన్నది. ఈ ప్రయోగము చేసినప్పుడెల్ల పిల్లలు కాగితమును వంచుట, చాచుట మానరు. నా మట్టుకు సట్టన్ గెలుపును, ఓటమిని రెండును చూపు ప్రయోగమిది.

సట్టన్ కూడ కాగితమును వంచినట్లే ప్లేటును వంచినాడు. కాని ఆ కాలపు ప్లేటు గాజుది. వంచిన గాజుపలకలను ప్రత్యేకముగా చేయించవలెను. అంతటితో తీరలేదు. అప్పుడు వాడుకలోనున్నది తడి కొలోడియన్ పద్ధతి. చిక్కని ద్రవమును గాజుపలకమీద పోసి, పలకను అటు ఇటు వాల్చి సమముగా పరచి, వెండిలవణపు ద్రావణములో ముంచి, ఆరకముందే చిత్రము తీసి, ఆరకముందే కడుగవలెను. చదును పలకమీద కూడ చేయితిరిగినవారికే సాధ్యమైన పని. ఇక వంపు పలకమీద ద్రవము నడుమకు జారి నిలుచును. ముంచు తొట్టి వంపుగా ఉండవలెను, ప్లేటు పెట్టె వంపుగా ఉండవలెను, కాగితముమీద ముద్ర తీయు చట్రము కూడ వంపుగానే ఉండవలెను. ఒక్క కటకము కొన్నవాడు చీకటిగది మొత్తమును వంచుకొనవలసివచ్చినది! గాజుపలక స్తంభమువలె ఒకవైపే వంపు తిరిగియుండుటచేత నిలువు దిక్కున ఎక్కువ దృశ్యము పట్టుటకు వీలులేక చిత్రములు వెడల్పెక్కువ, ఎత్తు తక్కువగా వచ్చెడివి.

ఛాయాగ్రాహకులు ఈ శ్రమకు ఓర్వలేదు. కొలదికాలములోనే న్యూయార్కులో హారిసన్, ష్నిట్జరు అనువారు వెలుపలి తలములు మాత్రమే ఒక గోళముమీద ఉండునట్టి కటకమునకు 1862లో పేటెంటు పొందినారు. దాని దృశ్యకోణము సట్టన్ దానికంటె చాల తక్కువ. అయినను చదును ప్లేటుమీద పనిచేసినది, చెల్లినది. సట్టన్ 1875లో మరణించునాటికే నీటికటకము ప్రదర్శనశాల వస్తువు. నా అభిప్రాయములో ఆయన కటకమున తప్పులేదు. ఆయనకు దొరికిన ప్లేటుదే తప్పు.

చదును ప్లేటునే నమ్ముకొన్నవారు ఎంతదూరము పోయిరో తెలుపుటకు ఒక్క ఉదాహరణము చాలును. 1900లో జర్మనీ దేశపు గోర్జ్ సంస్థ చేసిన హైపర్గాన్ అను కటకము సుమారు 135 డిగ్రీలను చదును ప్లేటుమీద చూపినది. రెండు పలుచని గాజుచిప్పలు, అంతే. కాని అంచుల చీకటిని ఏమి చేయవలెను? కటకముముందు నక్షత్రాకారపు చిన్న రేకుచక్రమును నిలిపినారు. ఛాయాగ్రాహకుడు రబ్బరు బంతిని నొక్కి గాలి ఊదినచో ఆ చక్రము గిర్రున తిరుగుచు నడిమి కాంతిని అడ్డగించును. అంచులకు చాలినంత కాంతి పడిన తరువాత చక్రమును ప్రక్కకు తొలగించి మిగిలిన కాలము చిత్రము తీయవలెను. కొసైను నాలుగవ ఘాతముతో పిల్లనగాలి పోరాటము!

మూడవ మార్గము ఒకటి ఉన్నది. సరళరేఖలు సరళరేఖలుగానే కనబడవలెనన్న పట్టును విడిచిపెట్టుట. బావిలో ఈతకొట్టినవారు నీటి అడుగున వెల్లకిల తిరిగి పైకి చూచిన ఎరుగుదురు: పైలోకమంతయు ఒక వెలుగు వలయములో ఇమిడి, చుట్టును చీకటిగా ఉండును. నీటికి సందిగ్ధ కోణము సుమారు 48.6 డిగ్రీలు. అందువలన పైనున్న 180 డిగ్రీల ఆకాశమును 97 డిగ్రీల శంకువులోనికి కుదించుకొని నీటిలోనికి వచ్చును. అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు ఆర్. డబ్ల్యు. వుడ్ 1906లో, బాల్చీ అడుగున ప్లేటునుంచి, దానిపై సన్నని రంధ్రమునుంచి, నీరు నింపి చేపచూపు చిత్రములు తీసినాడు. ‘చేపకన్ను’ అను పేరు ఆయన పెట్టినదే. 1922లో బాండ్ అను ఆంగ్లేయుడు నీటికి బదులు అర్ధగోళపు గాజును వాడినాడు. కాని దానితో స్పష్టత చాలలేదు.

ఈ దారిలో నిజమైన ముందడుగు 1924లో రాబిన్ హిల్ ప్రకటించిన ఆకాశకటకము. ఈయన వృక్షశాస్త్ర పాఠములలోని ‘హిల్ చర్య’ కర్తయే! హరితరేణువులపై చేసిన ఆ పనికి పదేండ్లకు పైగా ముందు ఆయనకు మేఘములమీద మక్కువ. ఆకాశమంతటిలోని మేఘములను ఒకే క్షణమున పట్టవలెనని ఆయన కోరిక. కటకమునకు ముందు ఒక పెద్ద పుటాకారపు గాజుచిప్పను ఉంచి ప్రక్క కిరణములను లోపలికి వంచి, తరువాత మామూలు కటకములకు అప్పగించినాడు. ఇట్టి కటకములలో ప్రతిబింబదూరము f టాన్ θ కాదు. సుమారుగా f, θల లబ్ధము. అదే 10 సెం.మీ. నాభ్యంతరమునకు 90 డిగ్రీలు 15.7 సెం.మీ.లలో ముగియును. క్షితిజము ఒక వృత్తమగును. తాటిచెట్లు అంచున వంగి నిలుచును. మేఘములను లెక్కించువానికి చెట్టు వంగిన నష్టమేమి?

చిక్కు పరిమాణమువద్ద వచ్చినది. ముందుచిప్ప ఎంత ఎక్కువ చూడవలెనన్న అంత వెడల్పు కావలెను. జపానులోని నికాన్ సంస్థ 1962లో సాధారణ కెమేరాకు చేపకన్ను కటకమును అమ్మకమునకు తెచ్చినది. 1970 ప్రాంతమున అదే సంస్థ 220 డిగ్రీలు చూచు కటకమును చేసినప్పుడు దాని బరువు 5 కిలోలు దాటినది. నాభ్యంతరము మాత్రము 6 మి.మీ.! అది కెమేరాకు కటకము తగిలించినట్లు కాక, పళ్ళెమునకు కెమేరా తగిలించినట్లుండును.

హంగరీ దేశీయుడు పాల్ గ్రెగుష్ దీనికి విరుగుడు ఆలోచించి 1980లలో పేటెంట్లు పొందినాడు. అరచేతిలో ఇముడు ఒకే గాజుముక్క. దానికి కొన్నిచోట్ల అద్దపుపూత. ప్రక్కనుండి వచ్చిన కాంతి వంగి లోపలికి పోయి, వెనుక అద్దముమీదను, ముందు అద్దముమీదను రెండుమార్లు పరావర్తనము చెంది వెలుపలికి వచ్చును. క్షితిజమంతయు గారెవంటి వలయముగా ఏర్పడును. నడుమ చిల్లు ఖాళీ. గొట్టముల లోపలిగోడలను పరీక్షించుటకు ఇది బాగుగా పనికివచ్చును. 2013లో వచ్చిన రికో థీటా అను చేతికెమేరాలో రెండు చేపకన్ను కటకములను వీపు వీపు ఆనించి, వెనుకనున్న పట్టకములతో కాంతిని మలుపుత్రిప్పి, పలుచని పెట్టెలో ఇముడ్చినారు. రెండు చిత్రములను గణకయంత్రము కుట్టును.

ఇంతలో నీటికటకము మాట మరచితిమి. 2012లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున డేవిడ్ బ్రేడీ బృందము వంద కోట్ల బిందువుల చిత్రము తీయు కెమేరాను ప్రకటించినది. దాని నడుమనున్నది ఏకకేంద్రమైన గాజుపొరల గోళము. సట్టన్ తలపే! వంపుతిరిగిన ప్రతిబింబమును పట్టుటకు వంపుతిరిగిన ప్లేటు చేయలేదు. గోళము వెనుక 98 చిన్న కెమేరాలను గుమ్మటమువలె పేర్చినారు. ఒక్కొక్కటి తన ముక్కను తాను చూచును. దృశ్యము వెడల్పున 120 డిగ్రీలు, ఎత్తున 50 డిగ్రీలు. అయితే పెట్టె మాత్రము రెండున్నర అడుగుల చదరము. అందులో కటకముల భాగము నూటికి మూడు వంతులే. తక్కినదంతయు విద్యుత్పరికరములు, వాటిని చల్లబరచు ఏర్పాట్లు.

మరుసటి ఏట కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖవారు మరొక ఉపాయమును చూపినారు. నాభ్యంతరము 12 మి.మీ., దృశ్యకోణము 120 డిగ్రీలు, పరిమాణము అక్రోటుకాయంత. ఇందులో గోళమునకును చదునైన సెన్సారునకును నడుమ గాజు దారముల కట్ట ఉన్నది. ఒక్కొక్క దారము మందము కొన్ని మైక్రానులు మాత్రమే. దారము ఒక కొనపై పడిన కాంతి రెండవ కొనకు అట్లే చేరును. కట్ట యొక్క రెండవ చివరను చదునుగా సానపట్టి సెన్సారునకు అంటించినారు. మొదటి చివరను గిన్నెవలె లోతుగా తొలిచినారు. రుబ్బురోలులో పొత్రము కూర్చున్నట్లు, కొద్ది సందు విడిచి, ఆ గుంటలో గాజుగోళము కూర్చున్నది.